టీబీ తగ్గాక మిగిలే బ్రాంకియెక్టాసిస్: కఫం తీయడం, నెబ్యులైజర్, మాటిమాటికీ వచ్చే ఇన్ఫెక్షన్లు

#1 · వంశధార

టీబీ మందులు ఆరు నెలలూ మింగి, చివర్లో కళ్లె పరీక్ష నెగెటివ్ వచ్చి, కార్డు మూసేశాక కూడా దగ్గు వదలనివాళ్లు మన దగ్గర చాలామందే ఉన్నారు. సీటీ తీస్తే బ్రాంకియెక్టాసిస్ (ఊపిరితిత్తిలో గాలిగొట్టాలు వెడల్పైపోయి అలాగే ఉండిపోవడం) అని రాసి ఉంటుంది. అక్కణ్ణుంచి ఏడాదికి మూడు నాలుగు సార్లు పచ్చటి కఫం, జ్వరం, ఐదు రోజుల యాంటీబయాటిక్, నెల తిరక్కుండా మళ్లీ మొదలు. మన దేశంలో 2195 మంది బ్రాంకియెక్టాసిస్ రోగుల వివరాలతో 2019లో వచ్చిన రిజిస్ట్రీలో మూడో వంతుకు పైగా కేసులకు మూలం పాత టీబీయే.

తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. కఫం బయటికి తెచ్చే పని ఇంట్లో రోజూ ఎలా చేయాలి? నెబ్యులైజర్‌లో దేని తర్వాత ఏది? కళ్లె కల్చర్‌కి (క్రిములను పెంచి చూసే పరీక్షకి) ఎప్పుడు పంపాలి, యాంటీబయాటిక్ ఎప్పుడు మొదలెట్టాలి?

#2 · నెల్లూరు ఫిజియో

వంశధార గారూ, మొదటి ప్రశ్నకే ఎక్కువ చెప్పాలి. మిగతావన్నీ దాని మీదే ఆధారపడతాయి.

టీబీ పుండు మానేటప్పుడు ఊపిరితిత్తి ఆ చోట ముడుచుకుపోయి పక్కనున్న గాలిగొట్టాలను లాగేస్తుంది. గొట్టం వెడల్పవుతుంది, కఫాన్ని పైకి నెట్టే లోపలి నూగు పోతుంది. కఫం అక్కడే నిలుస్తుంది, నిలిచినచోట బ్యాక్టీరియా చేరుతుంది, అది గోడను ఇంకా తింటుంది. యాంటీబయాటిక్ బ్యాక్టీరియాను తగ్గిస్తుందే గానీ గొట్టాన్ని మళ్లీ సన్నం చేయలేదు. అందుకే కఫం తీయడం ఒంట్లో బాగున్న రోజుల్లో కూడా చేయాల్సిన పని. సాధారణంగా రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి 15–20 నిమిషాలు. పరగడుపున గానీ, తిన్న గంటన్నర రెండు గంటల తర్వాత గానీ.

పద్ధతి ఇది. కుర్చీలో వీపు ఆనించి, భుజాలు వదులుగా పెట్టి కూర్చోవాలి.

ముందు అర నిమిషం మామూలు ఊపిరి. చెయ్యి పొట్ట మీద పెట్టుకుంటే అది లేచి పడడం తెలియాలి. తర్వాత ముక్కుతో నిదానంగా లోతుగా పీల్చి, మూడు సెకన్లు బిగబట్టి, నోటితో తేలిగ్గా వదలాలి. ఇలా మూడు నాలుగు చాలు. బిగబట్టడం ఎందుకంటే, ఆ మూడు సెకన్లలో గాలి పక్కదారుల గుండా కఫం వెనక్కి చేరుతుంది. వెనక గాలి లేనిదే కఫం కదలదు. మళ్లీ అర నిమిషం మామూలు ఊపిరి.

ఆ తర్వాత హఫ్. నోరు గుండ్రంగా తెరిచి, అద్దం మీద ఆవిరి పట్టించేటప్పుడు "హా" అన్నట్టు, పొట్ట బిగించి గాలి బయటికి తోయాలి. మొదట మామూలు శ్వాస తీసుకొని పొడుగాటి హఫ్ ఒకటి రెండు. ఇది లోతున్న కఫాన్ని పెద్ద గొట్టాల్లోకి తెస్తుంది. గరగర పైకి వచ్చినట్టు తెలిశాక, లోతైన శ్వాస తీసుకొని పొట్టిగా, గట్టిగా ఒక హఫ్. అప్పుడు దగ్గితే ఒక్క దగ్గుకే వస్తుంది. వచ్చాక మళ్లీ మొదటినుంచి. రెండు వరుసలు హఫ్ చేసినా పొడిగానే ఉంటే ఆ పూటకి ఆపేయొచ్చు.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, అందరూ సరాసరి దగ్గుతో మొదలెడతారు. ఈ జబ్బులో గొట్టాల గోడలు మెత్తబడి ఉంటాయి. గట్టిగా, వరసగా దగ్గితే అవి ముడుచుకుపోయి కఫం వెనకే చిక్కుకుంటుంది. మనిషి అలిసిపోతాడు, ఛాతీ నొప్పి, చేతిలో రెండు చుక్కలు.

#3 · గోదారిగట్టు

ఫిజియో గారూ, తల కిందికి పెట్టి, మంచం కాళ్ల వైపు ఇటుకలు ఎత్తి పడుకోబెట్టి వీపు మీద తట్టడం ఇంకా చాలామంది చేస్తున్నారు. అది అవసరమా?

#4 · నెల్లూరు ఫిజియో

సీటీ రిపోర్టు చూడకుండా అలా చేయించకూడదండీ. టీబీ ఎక్కువగా పాడుచేసేది పై భాగాలను. పై భాగం కఫం కూర్చుంటేనే కిందికి దిగి పెద్ద గొట్టంలోకి వస్తుంది. తల కిందికి పెడితే ఆ కఫం కదలకపోగా, కడుపులో పులుపు గొంతులోకి ఎగదన్ని, కొంచెం ఊపిరితిత్తిలోకి జారి, మరో ఇన్ఫెక్షన్‌కి దారి.

రిపోర్టులో "ఆర్‌యూఎల్", "ఎల్‌యూఎల్" అని ఉంటే కుడి, ఎడమ పై భాగాలు. వీటికి కూర్చోవడమే. "ఆర్ఎంఎల్" అంటే కుడి మధ్య భాగం. వెల్లకిలా పడుకొని కుడి భుజం కింద, నడుం కింద దిండు పెట్టి పావు వంతు ఎడమకు తిరగాలి. "లింగ్యులా" అంటే ఎడమవైపు అదే స్థానం, కాబట్టి తిరగడం కుడికి. "ఆర్ఎల్ఎల్", "ఎల్ఎల్ఎల్" కింది భాగాలు. పాడైన వైపు పైకి వచ్చేలా పక్కకు పడుకుంటే చాలు, మంచం ఎత్తక్కర్లేదు. గుండె జబ్బు, గుండెల్లో మంట, ఆయాసం ఉన్నవాళ్లకైతే తల కిందికి అసలే వద్దు.

తట్టడం వల్ల హఫ్ కంటే ఎక్కువ లాభమేమీ లేదు. పైగా ఎముకలు బలహీనంగా ఉన్న పెద్దవాళ్లకు పక్కటెముక చిట్లే ప్రమాదం ఉంది.

#5 · మొగలిపొద

ఊదే పరికరాల గురించి కూడా రాయండి. అకాపెల్లా (ఊదితే వణుకు పుట్టించి కఫం కదిలించేది) కొనమని రాసిస్తున్నారు, రంగులు రెండున్నాయి, ఏది ఎవరికో షాపువాడికీ తెలియదు.

#6 · నెల్లూరు ఫిజియో

ఆకుపచ్చది నిమిషానికి 15 లీటర్ల వేగంతో మూడు సెకన్లు ఊదగలిగేవాళ్లకి. అంత ఊదలేని బలహీనులకి నీలం. ఊదేటప్పుడు వణుకు ఛాతీలో తెలియాలి. బుగ్గల్లోనే తెలుస్తుంటే బుగ్గలు ఉబ్బిస్తున్నారన్నమాట, చేత్తో అదుముకోవాలి. పది ఊదుళ్లు, రెండు మూడు హఫ్‌లు, విశ్రాంతి. ఇలా నాలుగైదు వరుసలు.

కొనలేనివాళ్లు బాధపడనక్కర్లేదు. లీటరు ప్లాస్టిక్ సీసాలో అడుగునుంచి 10 సెంటీమీటర్ల ఎత్తు నీళ్లు పోసి, లోపలి వ్యాసం 8 మిల్లీమీటర్లకు తగ్గని గొట్టం అడుగుదాకా దించి, ముక్కుతో పీల్చి గొట్టంలోకి మూడు నాలుగు సెకన్లు బుడగలు వచ్చేలా ఊదాలి. గొట్టం 20 నుంచి 80 సెంటీమీటర్ల పొడవు ఉండొచ్చు. సలైన్ సెట్టు గొట్టం మాత్రం వాడొద్దు. అది మరీ సన్నం, ఒత్తిడి ఎక్కడికో పోతుంది. సీసా మూతికి బిరడా బిగించొద్దు, గాలి పోయే సందు కూడా 8 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. నీళ్లు లోపలికి పీల్చకూడదు, రోజూ కాచి చల్లార్చిన నీళ్లు మార్చాలి, గొట్టం వేలాడదీసి ఆరబెట్టాలి.

ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినప్పుడు, దగ్గులో తాజా రక్తం పడుతున్నప్పుడు ఏ రకం ఊదుడూ వద్దు.

#7 · మందులకొట్టు

నెబ్యులైజర్ వరుస నేను రాస్తాను.

మొదట గొట్టాలు తెరిచే మందు, అంటే ఆస్తాలిన్ లాంటిది. 10–15 నిమిషాలు ఆగి ఉప్పునీళ్లు, అంటే 3 శాతం హైపర్‌టోనిక్ సెలైన్, సాధారణంగా 4 ఎం.ఎల్. దాని వెంటనే ఫిజియో గారు చెప్పిన కఫం తీసే పని. కఫం పోయాక చివర్లో పీల్చే యాంటీబయాటిక్ గానీ, డాక్టర్ రాసి ఉంటే స్టెరాయిడ్ గానీ. వరుస తిరగబడితే ఖరీదైన మందు కఫం మీద పడి, కఫంతోపాటే ఉమ్మిలో పోతుంది. స్టెరాయిడ్ తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మేయాలి.

3 శాతం సెలైన్ మొదటి డోసు క్లినిక్‌లోనే, ముందూ వెనకా ఊదుడు పరీక్ష చేసి ఇవ్వాలి. ఊదే సామర్థ్యం 15 శాతం కంటే ఎక్కువ పడిపోతే ఆ మనిషికి అది పడదు. ఆస్తాలిన్ లేకుండా నేరుగా పెడితే పిల్లికూతలు మొదలవుతాయి. "ఉప్పునీళ్లే కదా" అని ఇంట్లో ఉప్పు కలిపి పెట్టేవాళ్లున్నారు. అది శుద్ధి చేసింది కాదు, శాతమూ తెలియదు, వద్దేవద్దు.

ఇంకో పెద్ద తప్పు: 100 ఎం.ఎల్ సెలైన్ బాటిల్‌కి సూది గుచ్చి, అదే బాటిల్ వారం పది రోజులు వాడడం. అందులో పెరిగేదాన్నే మళ్లీ ఊపిరితిత్తిలోకి పంపిస్తున్నారు. చిన్న ప్లాస్టిక్ యాంప్యూల్స్ తీసుకోండి, తెరిస్తే ఒక్కసారికే. బాటిలే గతి అయితే ఫ్రిజ్‌లో పెట్టి 24 గంటల తర్వాత పారబోయాలి.

#8 · కొండపల్లి

మ్యూసినాక్ లాంటి కఫం పల్చబరిచే మాత్రలు, సిరప్‌లు ఏమైనా పనిచేస్తాయా? ప్రిస్క్రిప్షన్‌లో ఒకటి తప్పకుండా ఉంటుంది.

#9 · డాలస్ నుంచి

మరీ ఆశ పెట్టుకోకండి. 2025లో వెలువడిన బ్రిటన్ క్లియర్ ట్రయల్‌లో 6 శాతం సెలైన్ గానీ, కార్బోసిస్టైన్ అనే కఫం పల్చబరిచే మందు గానీ ఏడాది కాలంలో ఇన్ఫెక్షన్ల సంఖ్యను చెప్పుకోదగ్గంతగా తగ్గించలేదు. కఫం తేలిగ్గా వస్తోందని రోగికి అనిపిస్తే వాడుకోవచ్చు, లేకపోతే ఆ డబ్బు గుడ్లకి పెట్టడం మేలు. డోర్నేస్ ఆల్ఫా అనే ఖరీదైన నెబ్యులైజర్ మందు పుట్టుకతో వచ్చే సిస్టిక్ ఫైబ్రోసిస్‌కి మంచిదే గానీ, ఈ జబ్బులో ఇన్ఫెక్షన్లు పెరిగాయని 1998లోనే తేలింది. ఎవరైనా రాస్తే అడగండి.

ఇక్కడ అమెరికాలో 2025 ఆగస్టులో బ్రెన్సోకాటిబ్ అనే రోజువారీ మాత్రకు అనుమతి వచ్చింది. తెల్లకణాలు విడుదల చేసే, గొట్టం గోడను కొరికే ఎంజైముల మీద అది పనిచేస్తుంది. ఇన్ఫెక్షన్లను తగ్గిస్తుంది, పూర్తిగా ఆపదు. దాన్ని వాడేవాళ్లు కూడా రోజూ కఫం తీయాల్సిందే.

#10 · నెల్లూరు ఫిజియో

డాలస్ నుంచి గారి మాటకి ఒక చిన్న అభ్యంతరం. ఆ ట్రయల్ లెక్కించింది ఇన్ఫెక్షన్లనే. బంకగా అతుక్కునే కఫం ఉన్నవాళ్లకి సెలైన్ పెట్టిన పూట కఫం తీసే పని తేలిగ్గా అవుతుంది. అది కూడా లాభమే కదా. నాలుగు వారాలు చూసి, తేడా లేకపోతే ఆపేయడం నా పద్ధతి.

#11 · డాలస్ నుంచి

ఒప్పుకుంటాను. నాలుగు వారాల గడువు పెట్టుకోవడం నచ్చింది.

#12 · ల్యాబ్‌మనిషి

ఇక కళ్లె పరీక్ష సంగతి. మా దగ్గరికి వచ్చే శాంపిల్స్‌లో సగం పనికిరావని పారేయాలనిపిస్తుంది, కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా.

యాంటీబయాటిక్ మొదటి మాత్ర వేయకముందే ఇవ్వాలి. పొద్దున్నే, మామూలు నీళ్లతో నోరు పుక్కిలించి (పేస్టు, మౌత్‌వాష్ వద్దు), కఫం తీసే పని చేసి, లోతునుంచి వచ్చినదాన్ని వెడల్పు మూతి స్టెరైల్ డబ్బాలో వేయాలి. రెండు మూడు ఎం.ఎల్ చాలు. డబ్బా నిండా ఉమ్మి వేసి తెస్తే ఉపయోగం లేదు. రెండు గంటల్లోపు ల్యాబ్‌కి చేర్చాలి. కుదరకపోతే ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర పెట్టి అదే రోజు తేవాలి. ఎండలో బైకు డిక్కీలో రెండు మండలాలు దాటి వచ్చిన శాంపిల్‌లో నోటి సూక్ష్మజీవులే విరగబడి పెరుగుతాయి.

రిపోర్టు వచ్చాక ముందు గ్రామ్ స్టెయిన్ (రంగు వేసి మైక్రోస్కోప్ కింద చూసింది) వరుస చదవండి. తక్కువ పవర్ ఫీల్డ్‌లో చీము కణాలు 25కి పైన, ఎపిథీలియల్ (నోటి పొర) కణాలు 10కి లోపు ఉంటే అది నిజంగా ఊపిరితిత్తి కఫం. ఎపిథీలియల్ కణాలు ఎక్కువుంటే అది ఉమ్మి, కింద కల్చర్‌లో ఏం రాసినా నమ్మకండి, మళ్లీ ఇవ్వండి.

సూడోమొనాస్ అనే మొండి బ్యాక్టీరియా మొదటిసారి వస్తే దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. అది పాతుకుపోకముందే మట్టుబెట్టే ప్రయత్నం చేస్తారు. ఆలస్యమైతే బంక పొర కట్టుకొని ఉండిపోతుంది. బాగున్న రోజుల్లో కూడా ఏడాదికి ఒకసారైనా కల్చర్ చేయించి రిపోర్టులన్నీ ఒక ఫైల్లో పెట్టుకుంటే, ఇన్ఫెక్షన్ వచ్చినరోజు డాక్టర్ దేన్ని ఎంచాలో ఆ ఫైలే చెబుతుంది.

#13 · గోదారిగట్టు

ల్యాబ్‌మనిషి గారూ, ఒకసారి టీబీ వచ్చి తగ్గినవాళ్లకి సీబీనాట్ (యంత్రంలో చేసే టీబీ జన్యు పరీక్ష) మళ్లీ పాజిటివ్ వస్తే మళ్లీ టీబీయేనా?

#14 · ల్యాబ్‌మనిషి

కాకపోవచ్చు. ఆ యంత్రం పట్టేది డీఎన్‌ఏని. చచ్చిన టీబీ క్రిముల డీఎన్‌ఏ చికిత్స ముగిశాక కూడా కొన్నేళ్లు కఫంలో కనిపించవచ్చు. ముఖ్యంగా "ట్రేస్" (లేశమాత్రం) అని వస్తే దాన్నొక్కదాన్నే పట్టుకొని మళ్లీ ఆరు నెలల కోర్సు మొదలెట్టకూడదు. లిక్విడ్ కల్చర్ పెట్టాలి. క్రిమి బతికుంటేనే పెరుగుతుంది. నెగెటివ్ అని ఖాయం చేయడానికి 42 రోజులు పడుతుంది.

దీనికి తిరగేసిన పరిస్థితి కూడా ఉంది. స్లైడ్‌లో ఏఎఫ్‌బీ (టీబీ కుటుంబపు క్రిములను చూపే రంగు పరీక్ష) పాజిటివ్, సీబీనాట్‌లో టీబీ లేదు. అప్పుడు ఎన్‌టీఎం, అంటే టీబీకి చుట్టాలైన వేరే మైకోబాక్టీరియా కావచ్చు. నేలలో, నీళ్లలో ఉంటాయి, వెడల్పైన గొట్టాల్లో స్థిరపడతాయి. వాటి మందులు వేరు, కాలం ఎక్కువ. జాతి పేరు తేలేదాకా టీబీ మందులు మొదలెట్టించుకోవద్దు.

సీటీలో "ట్రీ ఇన్ బడ్" (మొగ్గలున్న కొమ్మలా కనిపించే మచ్చలు) అని చూసి టీబీ తిరగబెట్టిందని బెంబేలెత్తేవాళ్లున్నారు. చిన్న గొట్టాల్లో ఏ కఫం నిండినా ఫిల్ము మీద అలాగే కనిపిస్తుంది.

#15 · మందులకొట్టు

యాంటీబయాటిక్ ఎప్పుడు అన్నదానికి వస్తాను. పచ్చటి కఫం ఒక్కటే కారణం కాదు. చాలామందికి బాగున్న రోజుల్లో కూడా కఫం పసుపుగానే ఉంటుంది. 2017లో నిపుణులు కుదుర్చుకున్న నిర్వచనం ఇదీ: దగ్గు, కఫం పరిమాణం లేదా చిక్కదనం, కఫం రంగు, ఆయాసం, నీరసం, రక్తం పడడం. ఈ ఆరింటిలో కనీసం మూడు 48 గంటలకు పైగా ముదిరి, మందు మార్చాలని డాక్టర్‌కి అనిపించాలి.

అది తెలియాలంటే మామూలు రోజు ఎలా ఉంటుందో ముందే రాసి ఉండాలి. గీతలున్న చిన్న కప్పులో 24 గంటల కఫం ఎన్ని ఎం.ఎల్, రంగేమిటి, ఎన్ని మెట్లు ఆగకుండా ఎక్కగలరు. వారానికోసారి క్యాలెండర్ మీద రాస్తే చాలు.

మొదలెడితే సాధారణంగా 14 రోజులు. ఐదు రోజులకు జ్వరం పోయిందని ఆపేస్తే నెలలోపే తిరగబెట్టడం ఇందుకే. ఆర్ఎంపీ దగ్గర రెండు ఇంజెక్షన్లు, ఒక స్టెరాయిడ్ మాత్ర, ఇదంతా రెండు రోజులు గాలి ఆడినట్టు అనిపిస్తుంది, అంతే. ఉబ్బసం, ఏబీపీఏ (బూజు పడక వచ్చే ఊపిరితిత్తుల అలర్జీ) లేని బ్రాంకియెక్టాసిస్‌కి పీల్చే స్టెరాయిడ్ కూడా మామూలుగా ఇవ్వరు, నెమ్ము ప్రమాదం పెరుగుతుంది.

సూడోమొనాస్ ఉంటే నోటి మందుగా సిప్రోఫ్లాక్సాసిన్ 750 రోజుకు రెండుసార్లు రాస్తారు. దాంతో నాలుగు జాగ్రత్తలు. పాలు, పెరుగు, కాల్షియం, ఐరన్, గ్యాస్‌కి వాడే యాంటాసిడ్ సిరప్ ఏదీ దానితో కలిపి తీసుకోకూడదు. మాత్ర రెండు గంటల ముందు వేసుకోవాలి, లేదా అవి తీసుకున్న ఆరు గంటల తర్వాత. డెరిఫిలిన్ వాడేవాళ్లు తప్పనిసరిగా డాక్టర్‌కి చెప్పాలి. అందులో థియోఫిలిన్ ఉంటుంది, సిప్రో దాన్ని ఒంట్లోంచి పోనివ్వదు. చేతులు వణకడం, గుండెదడ, వాంతులు, ముదిరితే ఫిట్స్. మన దగ్గర డెరిఫిలిన్ లేని దగ్గు ప్రిస్క్రిప్షన్ అరుదు కాబట్టి ఇది పదే పదే చెబుతుంటాను. మూడోది, మడమ వెనక స్నాయువు నొప్పి పుడితే ఆ రోజే ఆపి అడగాలి. నాలుగోది, సిప్రో, లెవో లాంటివి టీబీ క్రిమిని కూడా కొంత అణచివేస్తాయి. కళ్లె టీబీ పరీక్షకు ఇవ్వకుండా మొదలెడితే ఉన్న టీబీ దాక్కుంటుంది.

#16 · వంశధార

అజిత్రోమైసిన్ వారానికి మూడు రోజులు, నెలల తరబడి రాస్తున్నారు. అది ఇన్ఫెక్షన్‌కా?

#17 · డాలస్ నుంచి

ఇన్ఫెక్షన్ రాకుండా. ఏడాదికి మూడు లేదా అంతకు మించి వచ్చేవాళ్లకి ఇస్తారు. క్రిములను చంపడం కంటే వాపును తగ్గించడం దాని అసలు పని. 2012 నాటి ఎంబ్రేస్ ట్రయల్‌లో 500 మి.గ్రా వారానికి మూడుసార్లు, 2013 నాటి బ్యాట్ ట్రయల్‌లో 250 మి.గ్రా రోజూ. రెండింట్లోనూ ఇన్ఫెక్షన్లు తగ్గాయి. మొదలెట్టే ముందు మూడు చేయించాలి: ఈసీజీ (క్యూటీ సమయం, అంటే గుండె లయ చెడే ప్రమాదం చూడడానికి), లివర్ పరీక్ష, కళ్లెలో ఎన్‌టీఎం లేదని కల్చర్. మూడోది చాలామంది వదిలేస్తారు. ఎన్‌టీఎం ఉండగా అజిత్రో ఒక్కటే ఇస్తే ఆ క్రిమి దానికి లొంగకుండా పోతుంది, తర్వాత వేయడానికి దాని స్థానంలో సరైన మందు లేదు. చెవిలో హోరు మొదలైతే చెప్పాలి.

#18 · మొగలిపొద

దగ్గులో రక్తం పడితే "వేడి చేసింది" అని మజ్జిగ తాగించి పడుకోబెడుతున్నారు. దీని గురించి ఎవరైనా సూటిగా రాయండి.

#19 · మందులకొట్టు

కొలత పెట్టుకోండి. కఫంలో ఎర్ర చార ఇన్ఫెక్షన్‌తో వస్తుంది, ఆ రోజో మర్నాడో డాక్టర్‌కి చూపించాలి. 24 గంటల్లో 10 ఎం.ఎల్, అంటే రెండు టీస్పూన్లు దాటితే ఆస్పత్రిలో చేరాలి. టీ గ్లాసు నిండే లెక్కలో పడుతుంటే 108. బండి వచ్చేలోగా రక్తం పడే వైపు కిందికి వచ్చేలా పడుకోబెట్టాలి, బాగున్న ఊపిరితిత్తిలోకి రక్తం పోకుండా. ఏ వైపో పాత సీటీ చెబుతుంది, కాబట్టి ఆ ఫైలు వెంట ఉండాలి. ఉప్పునీళ్ల నెబ్యులైజేషన్, ఊదుడు, తట్టుడు అన్నీ ఆపేయాలి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి వాడుతుంటే మొదటి మాటగా చెప్పాలి.

ఆగకపోతే రక్తనాళంలోంచి సన్నని గొట్టం పంపి, కారుతున్న బ్రాంకియల్ ఆర్టరీని మూసేస్తారు. కోత ఉండదు. జిల్లా కేంద్రాల్లో ఇది అన్నిచోట్లా దొరకదు. ఎక్కడ ఉందో ముందే కనుక్కొని ఉంచుకోవడం మంచిది.

మాటిమాటికీ రక్తం పడుతూ, సీటీలో టీబీ వదిలిన గుంతలో గుండ్రటి ముద్ద ఉంటే అది బూజు ఉండ కావచ్చు. ఆస్పర్జిల్లస్ (ఆ బూజు పేరు) ఐజీజీ రక్తపరీక్ష అడగండి. పిల్లికూతలు ఎక్కువగా ఉండి, కఫంలో గోధుమరంగు గట్టి ముక్కలు వస్తుంటే అది ఏబీపీఏ వైపు. దానికి మొత్తం ఐజీఈ, ఆస్పర్జిల్లస్ ఐజీఈ.

#20 · కొండపల్లి

నెబ్యులైజర్ కప్పు కడగడం ఎలా? కుళాయి కింద పెట్టి దులిపేస్తే చాలా?

#21 · ల్యాబ్‌మనిషి

చాలదు. కుళాయి నీళ్లలోనే సూడోమొనాస్, ఎన్‌టీఎం ఉంటాయి. ప్రతిసారీ వాడగానే కప్పు, మూతిముక్క విడదీసి గోరువెచ్చని సబ్బునీళ్లతో కడగాలి. రోజుకోసారి ఐదు నిమిషాలు నీళ్లలో మరిగించాలి (కంపెనీ కాగితం మరిగించొచ్చని చెబితేనే). చివరి కడుగు కాచి చల్లార్చిన నీళ్లతో. తర్వాత శుభ్రమైన గుడ్డ మీద గాలికి పూర్తిగా ఆరాలి. తడితో మూతపెట్టి డబ్బాలో పెట్టడం అన్నిటికన్నా పెద్ద తప్పు. పొడవాటి గొట్టం కడగొద్దు, లోపల తడి ఆరదు. కప్పు తీసేసి యంత్రాన్ని ఒక నిమిషం ఉత్తగా నడిపితే గొట్టం ఆరుతుంది. ఫిల్టర్ బూడిదరంగుకి వస్తే మార్చాలి. మందు అయిపోవడానికి మునుపటికంటే ఎక్కువసేపు పడుతుంటే కప్పు అరిగిందన్నమాట.

చిన్న మెష్ నెబ్యులైజర్లు ప్రయాణానికి బాగుంటాయి. కానీ ఉప్పునీళ్లు పెడితే జాలీ రంధ్రాలు పూడుకుపోతాయి. ప్రతిసారీ వెంటనే డిస్టిల్డ్ వాటర్ పోసి అర నిమిషం నడపాలి.

#22 · ఇన్వర్టర్ బాబాయ్

ఆక్సిజన్ కాన్సంట్రేటర్ (గాలిలోంచి ఆక్సిజన్ తీసిచ్చే యంత్రం) సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే రాస్తున్నా. 5 లీటర్ల యంత్రం 300–350 వాట్లు లాగుతుంది. 150 ఏహెచ్ బ్యాటరీ ఉన్న మామూలు ఇంటి ఇన్వర్టర్ మీద, ఫ్యాన్లు ఆపేస్తే, మూడు నుంచి మూడున్నర గంటలు. ఎండాకాలం కోతల్లో అది సరిపోదు, పక్కన నిండు సిలిండర్ ఒకటి ఉండాలి.

గోడకి అడుగు దూరంలో పెట్టండి. వెనక గాలి సందు మూసుకుంటే వేడెక్కి ఆక్సిజన్ శాతం పడిపోతుంది. బాగున్న యంత్రం 90–96 శాతం ఇస్తుంది. బయటి స్పాంజి ఫిల్టర్ వారానికోసారి కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టాలి. తేమ సీసాలో డిస్టిల్డ్ వాటర్, రోజూ మార్చాలి. యంత్రం ఉన్న గదిలో దీపం, అగరుబత్తి, సాంబ్రాణి, బీడీ ఏదీ వద్దు. పూజగది పక్కనే పెట్టేవాళ్లని చూస్తే నాకు భయం.

#23 · డాలస్ నుంచి

బాబాయ్ గారి దానికి ఒక చేర్పు. ఎంత ఫ్లో అన్నది డాక్టర్ రాయాలి. ఆయాసంగా ఉందని ముక్కు గొట్టం ఫ్లో 2 నుంచి 5కి తిప్పేయకూడదు. కార్బన్ డయాక్సైడ్ నిలిచే రోగికి ఆక్సిమీటర్ మీద 88–92 మధ్యే లక్ష్యం. 98 తెచ్చాం అని సంతోషిస్తుంటే మనిషి మత్తులోకి జారుకుంటాడు. పొద్దున్నే తలనొప్పి, పగలు నిద్రమత్తు కనిపిస్తే ఏబీజీ (ధమని రక్తంలో వాయువుల పరీక్ష) చేయించాలి. ఇంట్లో దీర్ఘకాలం అవసరమా అన్నది కూడా బాగున్న రోజుల్లో తీసిన ఏబీజీని బట్టే. ధమని రక్తంలో ఆక్సిజన్ ఒత్తిడి 55 మి.మీ. పాదరసం లేదా అంతకు తక్కువుంటే రోజుకు కనీసం 15 గంటలు.

#24 · నెల్లూరు ఫిజియో

తిండి, టీకాలు టూకీగా. 45 కిలోల మనిషికి రోజుకు 55–65 గ్రాముల ప్రొటీన్ కావాలి. ఒక గుడ్డులో 6 గ్రాములు, వంద గ్రాముల పల్లీల్లో 25, వంద గ్రాముల పచ్చి కందిపప్పులో 22. కడుపు నిండా తింటే ఆయాసం వచ్చేవాళ్లు అదే తిండిని ఐదారుసార్లు చేసి తినాలి. ఫ్లూ టీకా ఏటా, మన వైపు వానలకు ముందు. న్యుమోకోకల్‌లో 13 రకాల క్రిములకు పనిచేసే టీకా వేసి, ఏడాది తర్వాత 23 రకాలది. 20 రకాలది దొరికితే అదొక్కటే చాలు.

సంక్రాంతికి బూజు దులిపేటప్పుడు, సున్నం వేసేటప్పుడు, భోగిమంటలప్పుడు రోగి ఆ చోట ఉండకూడదు. ఎండుమిర్చి తాలింపు వేసేటప్పుడు వంటింటి తలుపు వేసి కిటికీ తెరవాలి.

#25 · కొండపల్లి

చివరిగా రెండు. తిరుమల వెళ్లొచ్చా? పెద్దవాళ్లు పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లాలంటే ఏం చూసుకోవాలి?

#26 · డాలస్ నుంచి

తిరుమల ఎత్తు 850 మీటర్ల చిల్లర. కూర్చున్నప్పుడు ఆక్సిమీటర్ మీద 94–95 ఉండేవాళ్లకి ఎత్తు వల్ల పెద్ద తేడా రాదు. ఇబ్బంది అలిపిరి మెట్లతో, క్యూ కంపార్ట్‌మెంట్ గాలితో. బస్సులో వెళ్లి, ఎన్95 పెట్టుకుంటే సరి. ఇన్ఫెక్షన్ మందులు నడుస్తుంటే వాయిదా వేసుకోండి.

విమానం వేరు. కేబిన్‌లో గాలి 8000 అడుగుల ఎత్తులో ఉన్నట్టు, నేల మీద 15 శాతం ఆక్సిజన్ పీల్చినంత. నేల మీద 95కి పైన ఉంటే సాధారణంగా ఏమీ అక్కర్లేదు. 92–95 మధ్య ఉంటే టికెట్టు కొనకముందే ఛాతీ డాక్టర్ దగ్గర పరీక్ష. 92 లోపు అయితే విమానంలో ఆక్సిజన్ కావాలి. సొంత సిలిండర్ ఎక్కనివ్వరు. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ అంగీకరించిన బ్యాటరీ కాన్సంట్రేటర్ మాత్రమే. బ్యాటరీలు ప్రయాణ సమయానికి ఒకటిన్నర రెట్లు ఉండాలని ఎయిర్‌లైన్స్ అడుగుతాయి. కనెక్షన్‌లో ఆగే గంటలు కూడా కలిపి లెక్కేయండి. నెబ్యులైజర్ యాంప్యూల్స్, ప్రిస్క్రిప్షన్, కల్చర్ ఫైలు చేతి బ్యాగులోనే. డాక్టర్ ఉత్తరంలో మందుల పేర్లు బ్రాండ్లుగా కాకుండా జెనరిక్‌గా రాయించండి. మన ఆస్తాలిన్ పేరు ఇక్కడ ఎవరికీ తెలియదు, సాల్బుటమాల్‌ని ఆల్బ్యుటెరాల్ అంటారు.

#27 · ఇన్వర్టర్ బాబాయ్

ఆ చిన్న కాన్సంట్రేటర్లలో చాలావరకు పీల్చినప్పుడే గాలి వదిలే పల్స్ రకం. నిద్రలో నోటితో పీల్చేవాళ్లకి అది పట్టదు. బయల్దేరే ముందు ఇంట్లో ఒక రాత్రంతా వేలికి ఆక్సిమీటర్ పెట్టి నడిపి చూసుకోండి.